పేదలకు సాయం చేసే ప్రాజెక్టు: నియమాలు, ప్రమాణాలు రాసుకోవడం ఎలా?

మేము మొదటిసారి చేసిన పని 14 కుట్టు మిషన్లు పంచడం. కలిసి చదువుకున్న వాళ్లం తలా కొంత వేసుకున్నాం, ఊళ్లో షామియానా వేసి, మైకు పెట్టి, పెద్దమనుషుల చేతుల మీదుగా ఇప్పించాం. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే నడుస్తున్నవి మూడు. రెండు అమ్మేశారు, మిగతావి మంచం కిందో అటక మీదో ఉన్నాయి. ఆడవాళ్లకు పట్టుదల లేదని మాలో ఒకరిద్దరు అన్నారు గానీ, ఒక సాయంత్రం వాళ్ల గుమ్మం ముందు కూర్చుని మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. ఆ ఊళ్లో అప్పటికే ఇద్దరు టైలర్లున్నారు, పండగలు, పెళ్లిళ్లు తప్పితే ఊరు మొత్తం మీద వచ్చే జాకెట్లు ఆ ఇద్దరికే చాలవు. పైగా మేం ఇప్పించిన శిక్షణ పది రోజులు, పది రోజుల్లో జాకెట్టు కొలత తీసి కుట్టడం ఎవరికీ రాదు. ఈ రెండు విషయాలూ మిషన్లు కొనక ముందే ఆ ఆడవాళ్లకు తెలుసు. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

అప్పట్లో మా దగ్గర మంచి మనసుంది, కొంత డబ్బుంది. ఏం చేస్తే పని సరిగ్గా చేసినట్టు, ఏది లేకపోతే అక్కడే ఆగిపోవాలి అని రాసిపెట్టుకున్నది మాత్రం ఏమీ లేదు. తర్వాత కొన్నేళ్లపాటు తప్పులు చేస్తూ దిద్దుకుంటూ నాలుగు పేజీల కాగితం ఒకటి తయారు చేసుకున్నాం. పూర్వ విద్యార్థుల బృందమైనా, ఊరి యువజన సంఘమైనా, చిన్న సొసైటీ అయినా అలాంటిది ఎలా రాసుకోవచ్చో ఇక్కడ చెబుతున్నాను. ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి: ఈ కాగితం దాతలకు చూపించుకోవడానికి రాస్తే వృథా. సాయం తీసుకునే మనిషి దాన్ని చేతిలో పట్టుకుని "ఇలా చేస్తామన్నారు కదా, ఎందుకు చేయలేదు?" అని మిమ్మల్ని నిలదీయగలగాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్క పరీక్ష కోసమే.

ముందు వాడకు వెళ్లండి

పెన్ను పట్టుకునే ముందు ఆ వాడకో, తండాకో, గూడేనికో కనీసం మూడుసార్లు వెళ్లండి. పగలు పదకొండింటికి వెళితే మీకు దొరికేది పనికి పోలేని ముసలివాళ్లు, పనికి పోనక్కర్లేని వాళ్లు. మీరు కలవాల్సిన వాళ్లు పత్తి చేలోనో ఉపాధి పనిలోనో ఉంటారు. రాత్రి వంటలయ్యాక, ఏడున్నర దాటాక వెళ్లండి. ఎక్కడ కూర్చుంటారన్నది కూడా చూసుకోండి. సర్పంచి ఇంటి అరుగు మీదో గుడి ముందో కూర్చుంటే కొందరు అసలు రారు, వచ్చినా దూరంగా నిలబడి తల ఊపి వెళ్లిపోతారు. ఏ వాడ వాళ్లతో మాట్లాడాలో ఆ వాడలోనే, వాళ్లు వేసిన చాప మీదే కూర్చోండి.

"మీకేం కావాలి?" అని మాత్రం మొదలుపెట్టకండి, మీరు ఏం ఇస్తారని వాళ్లు అనుకుంటే ఆ వస్తువు పేరే చెబుతారు. మేం అడిగే ప్రశ్నలు ఇవి: పోయిన ఏడాది ఇంట్లో డబ్బుకు బాగా కటకటగా ఉన్నది ఏ నెలల్లో? అప్పుడు ఎవరి దగ్గర తెచ్చారు, నూటికి ఎంత వడ్డీకి? ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఏం అమ్ముకుంటారు? ఇంతకుముందు సాయం చేస్తామని ఎవరైనా వచ్చారా, చివరికి ఏమైంది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబుల్లోంచే మీ ప్రమాణాలు సగం పుడతాయి. "ఫొటో తీసుకుని పోయారు, మళ్లీ రాలేదు" అన్న మాట మాకు మూడు ఊళ్లలో వినిపించింది.

ఇంకొకటి. ఆ ఊళ్లో ఇప్పటికే ఏముందో తెలుసుకోండి. పొదుపు సంఘాలు ఎన్ని నడుస్తున్నాయి, ఊరి పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య సమావేశం ఏ రోజు, జాబ్ కార్డు ఎవరికి లేదు, అర్హత ఉండీ వితంతు పింఛను, వికలాంగుల పింఛను రానివాళ్లెవరు. చాలాసార్లు మన డబ్బుతో కొనిచ్చే వస్తువు కన్నా, ఆగిపోయిన పింఛను తెప్పించడం ఆ ఇంటికి పెద్ద సాయం. అది నెలనెలా వస్తుంది, మనం వెళ్లిపోయాక కూడా వస్తుంది. అందుకే మా కాగితంలో మొదటి ప్రమాణం ఇదే: ఏ కుటుంబానికైనా మనం రూపాయి ఖర్చు పెట్టే ముందు, వాళ్లకు ప్రభుత్వం నుంచి హక్కుగా రావాల్సినవన్నీ వస్తున్నాయో లేదో చూసి, రానివాటికి అర్జీ పెట్టించి ఉండాలి.

నియమం రాస్తే పట్టుకుని అడిగేలా రాయండి

"పారదర్శకంగా పనిచేస్తాం, పేదల ఆత్మగౌరవాన్ని కాపాడతాం, మహిళా సాధికారతకు కట్టుబడి ఉంటాం." ఇలాంటి వాక్యాలు రాయడం తేలిక, వీటిని ఎవరూ కాదనరు. వీటితో మిమ్మల్ని పట్టుకోవడం కూడా ఎవరివల్లా కాదు.

మంచి ప్రమాణం ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, మన పొదుపు సంఘాల పంచసూత్రాలు చూడండి. క్రమం తప్పకుండా సమావేశం, క్రమం తప్పకుండా పొదుపు, సంఘంలోనే అప్పులు ఇచ్చుకోవడం, తీసుకున్న అప్పు గడువులోగా కట్టడం, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాయడం. ఐదే ఐదు. చదువు రాని సభ్యురాలు కూడా తన సంఘం బాగా నడుస్తోందో లేదో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలదు, బ్యాంకు మేనేజరు కూడా అప్పు ఇచ్చే ముందు ఇవే చూస్తాడు. లోపలి మనిషీ బయటి మనిషీ ఒకే కొలతతో చూడగలగడం అంటే ఇదే.

విపత్తుల్లో చేసే సాయానికి ప్రపంచ స్థాయిలో స్ఫియర్ ప్రమాణాలని ఉన్నాయి. 1994లో రువాండా నరమేధం తర్వాత శరణార్థుల శిబిరాల్లో సాయం అందిన తీరు మీద గట్టి విమర్శలొచ్చాయి, దాని తర్వాత 1997లో స్వచ్ఛంద సంస్థలు, రెడ్ క్రాస్ ఉద్యమం కలిసి వీటిని రాయడం మొదలుపెట్టాయి. "అందరికీ సరిపడా నీళ్లు ఇస్తాం" అని రాసి వదిలేయలేదు: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, కుళాయి ఇంటికి 500 మీటర్లకు మించి దూరం ఉండకూడదు, వరుసలో 30 నిమిషాలకు మించి నిలబడకూడదు అని రాశారు. అవి విపత్తుల కోసం రాసిన అంకెలు, వాటిని మన పనికి తెచ్చి అతికించొద్దు; మాటను అంకెగా మార్చిన పద్ధతి మాత్రం నేర్చుకోండి. 2014లో వచ్చిన కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్ (మానవతా సాయానికి మూల ప్రమాణం) అనే ఇంకో పత్రంలో తొమ్మిది హామీలున్నాయి, వాటిని సాయం చేసే సంస్థ వైపు నుంచి కాకుండా సాయం అందుకునే వాళ్ల వైపు నుంచి రాశారు. మాకు ఇది బాగా పనికొచ్చింది. మీరూ మీ నియమాలను ఆ కుటుంబం నోటితో రాసి చూడండి, వాక్యం వెంటనే గట్టిపడుతుంది.

మా కాగితంలోవి కొన్ని అలాగే ఇస్తున్నాను.

"నాకు ఇచ్చే వస్తువును నేనే చూసి ఎంచుకున్నాను, కొన్న రోజు నేనూ దుకాణంలో లేదా సంతలో ఉన్నాను."

"నా పేరు మీద ఎంత ఖర్చు రాశారో నాకు చదివి వినిపించారు, బిల్లు నకలు నా దగ్గర ఉంది."

"సాయం నా ఇంటికే వచ్చింది. వేదిక మీదికి వచ్చి తీసుకోమని ఎవరూ అనలేదు."

"నా ఫొటో నన్ను అడిగి తీశారు, వద్దంటే తీయలేదు, వద్దన్నందుకు నాకేమీ ఆపలేదు."

"వస్తువు ఇచ్చాక ఆరు నెలల్లో కనీసం ఆరుసార్లు నా దగ్గరకు వచ్చారు."

ఆరేడుకు మించి రాయకండి. మేం మొదట 23 రాశాం, మా సభ్యులకే గుర్తులేవు. ఒక్కోదాని కింద రెండు లైన్లు చాలు: ఇది జరిగిందని ఎవరు, ఏం చూసి చెప్పగలరు? జరగకపోతే మేం ఏం చేస్తాం? ఈ రెండో ప్రశ్నకు జవాబు లేని నియమాన్ని కొట్టేయండి.

ఫొటోల గురించి ఇంకో మాట చెప్పాలి, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. బియ్యం మూట చేతిలో పెట్టి, తల వంచుకున్న తల్లిని మధ్యలో నిలబెట్టి, చుట్టూ పదిమంది నవ్వుతూ తీసుకునే ఫొటో ఆ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, రేపు ఆమె కూతురికి సంబంధం చూసేటప్పుడు కూడా తిరుగుతుంది. దాతలకు రుజువు కావాలంటే కొట్టం, గేదె, బిల్లు, సంతకం పెట్టిన రిజిస్టరు పేజీ పంపండి. మనిషి ముఖం లేకుండా రుజువు పంపినందుకు మాకు ఇంతవరకు ఏ దాతా డబ్బు ఆపలేదు.

ఎవరికి ఇవ్వాలో వాడ మొత్తం తేల్చాలి

గొడవలన్నీ ఇక్కడే వస్తాయి, అందుకే ఎక్కువ సమయం దీనికే పెట్టండి. రేషన్ కార్డు ఉందా అని చూసి లిస్టు రాస్తే పని తేలిగ్గా అయిపోతుంది గానీ, ఆ కార్డు ఉన్నంతమాత్రాన నిరుపేద అని కాదు, నిజంగా నిరుపేదలైన కొందరి దగ్గర ఆ కార్డే ఉండదు. 2000లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు ఒక మంచి అలవాటు నేర్పింది: ఎవరు నిరుపేదలో, ఎవరు పేదలో ఊరివాళ్లే కూర్చుని తేల్చడం. ఆ పద్ధతిని చిన్న స్థాయిలో మనమూ చేయవచ్చు.

వాడ మధ్యలో నేల మీద ముగ్గుపిండితో వీధులు గీయించండి, ఇళ్లు గుర్తు పెట్టించండి, ఒక్కో ఇంటికి ఒక చీటీ రాయండి. చీటీలను కుప్పలుగా వేయమనండి: రెండు పూటలా తిండికి ఇబ్బంది ఉన్న ఇళ్లు, కూలి దొరికితే గడిచే ఇళ్లు, కాస్త నిలదొక్కుకున్న ఇళ్లు. ఏ ఇల్లు ఏ కుప్పలోకి, ఎందుకు అన్నది వాళ్లే వాదించుకుంటారు, మీరు మధ్యలో దూరకండి, వాళ్లు చెప్పే కారణాలు రాసుకోండి. "ఆ ఇంట్లో సంపాదించే చేయి లేదు", "పిల్లాడు బడి మానేసి గొర్రెల కాడికి పోతున్నాడు" లాంటి మాటలే మీ అర్హత కొలతలు. ఇదే పనిని మూడు గుంపులతో విడివిడిగా చేయించండి, ఒక గుంపు ఆడవాళ్లతోనే ఉండాలి. మూడు చోట్లా ఒకే కుప్పలో పడ్డ ఇళ్ల గురించి అనుమానం అక్కర్లేదు, తేడా వచ్చిన ఇళ్లకు మీరు స్వయంగా వెళ్లి చూడండి.

తర్వాత ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ఈ పటంలో లేని వాళ్లెవరు? వలస పోయిన వాళ్లు ఉండరు. కర్నూలు పశ్చిమ మండలాల్లో మిరపకోతల కాలంలో వెళితే తాళం వేసిన ఇళ్లు ఎదురవుతాయి, ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు పోయి ఉంటారు, పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి కూడా వలసలు ఈనాటివి కావు. అలాంటి ఊళ్లలో వాళ్లు తిరిగొచ్చే నెల దాకా లిస్టు ఖరారు చేయకూడదు. భర్త వదిలేసి పుట్టింట్లో ఒక గదిలో ఉంటున్న ఆడమనిషికి విడిగా చీటీ ఉండదు, ఆమె అన్న ఇల్లే ఆమె ఇల్లు అనేస్తారు. ఊరి చివర గుడారం వేసుకున్న సంచార కుటుంబాన్ని "వాళ్లు మన ఊరోళ్లు కాదు" అంటారు. వీళ్ల కోసం మీరే చీటీలు రాసి పెట్టండి.

లిస్టు తయారయ్యాక పంచాయతీ ఆఫీసు గోడ మీద, రేషన్ షాపు దగ్గర, ఆ వాడలోనే ఇంకోచోట అతికించి, వారం రోజులు అభ్యంతరాలు తీసుకోండి. గోడ మీద పేర్లే రాయండి, కారణాలు వద్దు. ఒకరి జబ్బు, ఒకరి సంసారం గోడకెక్కడానికి వీల్లేదు. మీ బృందంలో ఎవరి బంధువైనా లిస్టులో ఉంటే ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో రాసి, ఆ కుటుంబం గురించి మాట్లాడేటప్పుడు ఆ సభ్యుడు బయట కూర్చోవాలి. మా దగ్గర ఒకసారి ఇది చేయక, అర్హత ఉన్న కుటుంబానికి ఇచ్చినా ఏడాదిపాటు మాట పడ్డాం.

ఏం ఇవ్వాలి: ఏడాది మొత్తానికి లెక్క వేయండి

గేదె ఇస్తే కుటుంబం నిలబడుతుందని అందరూ అంటారు. నిలబడవచ్చు. ముందు లెక్క వేయండి, ఆ ఇంటావిడతో కలిసి, ఆమెకు అర్థమయ్యేలా. ఈనిన గేదె కొన్ని నెలలే పాలిస్తుంది, ఆ తర్వాత వట్టిపోతుంది, వట్టిపోయినా మేత, దాణా మానదు. ఆ నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుంది? అందుకే పాడి పథకాల్లో రెండో పశువును ఆరు నెలల తర్వాత ఇప్పించే పద్ధతి ఉంది, ఒకటి వట్టిపోయేసరికి ఇంకోటి పాలకు వస్తుంది. సెంటు భూమి లేని ఇంటికి గేదె ఇస్తే ఎండాకాలంలో గడ్డి కొనాలి, ఎంతకు దొరుకుతుంది? పాల కేంద్రం ఊళ్లో ఉందా, వెన్న శాతం చూసి ఎంత కడుతున్నారు? ఇన్సూరెన్సు చేయించి చెవికి ట్యాగు వేయించారా? ట్యాగు ఊడిపోతే ఎవరికి చెప్పాలో ఆమెకు తెలుసా? పశువుల డాక్టరు ఎన్ని కిలోమీటర్ల దూరం? వీటికి జవాబులు ఒక పేజీలో రాకపోతే పశువు కొనకూడదని మా కాగితంలో ఉంది.

ఇక్కడ ఒక పాఠం మన దగ్గరే ఉంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 2002లో నిరుపేదల కోసం ఒక పద్ధతి మొదలుపెట్టింది: ఒక జీవనాధారం ఇవ్వడం, దాంతోపాటు కొంతకాలం తిండి ఖర్చుకు భత్యం, శిక్షణ, పొదుపు, ఆరోగ్యం, ఇంటికి వచ్చి మాట్లాడే మనిషి, ఇవన్నీ కలిపి రెండేళ్ల దాకా. తర్వాత ఆరు దేశాల్లో దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు, మొత్తం మీద కుటుంబాల తిండి, ఆదాయం, ఆస్తులు మెరుగుపడ్డాయి. కానీ ఇదే తరహా పథకాన్ని మెదక్ జిల్లాలో పరిశీలించినప్పుడు మొత్తం ఆదాయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పశువుల మీద వచ్చే రాబడి పెరిగింది, అదే సమయంలో కూలి మీద వచ్చే రాబడి తగ్గింది, ఒకదానికి ఒకటి సరిపోయింది. ఆ రోజుల్లో అక్కడ కూలి పనులు బాగా దొరుకుతున్నాయి, సాయం అందని కుటుంబాలు కూడా కూలితో అంతే ముందుకు పోయాయి. మంచి పద్ధతే, శ్రద్ధగా చేసిన పనే, అయినా ఆ చోట ఆ కాలంలో అదనంగా ఇచ్చింది తక్కువ.

అందువల్ల మీ కాగితంలో ఈ ప్రశ్న ఉండాలి: మనం ఇచ్చేది ఆ ఇంట్లో ఇప్పుడున్న సంపాదనకు తోడవుతుందా, దాని బదులు వస్తుందా? మేకలు కాయడానికి కూలి మానుకోవాల్సి వస్తే ఆ కూలి ఎంతో లెక్కలో తీసివేయండి. పిల్లవాడు బడి మానుకోవాల్సి వస్తే ఆ పని అసలే వద్దు.

అప్పుల సంగతి ఇక్కడే చూడాలి. ఇంటి మీద మూడు అప్పులుంటే మీరిచ్చిన మేకలు ఆరు నెలల్లో వడ్డీ కిందికి పోతాయి, అందులో ఆ కుటుంబం తప్పేమీ లేదు. పేదరికం పోగొడతామన్న పేరుతోనే సూక్ష్మరుణ సంస్థలు మన ఊళ్లలో ఒక్కో ఇంటికి నాలుగైదు అప్పులిచ్చి వారం వారం వాయిదాలు వసూలు చేసిన కాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థలను అదుపు చేసే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది, 2011లో అది చట్టమైంది. మా నియమం ఏమిటంటే, మేం ఎవరికీ అప్పు ఇవ్వం, ఒకరి సాయానికి ఇంకొకరిని హామీ పెట్టించం. డబ్బు తిరిగి రావాలని కుటుంబమే కోరుకుంటే అది వాళ్ల సొంత సంఘం నిధిలోకి పోతుంది, మా ఖాతాలోకి రాదు.

డబ్బు లెక్కలు

ఖాతా సంఘం పేరు మీద ఉండాలి, తీయడానికి ఇద్దరి సంతకం కావాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఎంత మొత్తం దాటితే మూడు కొటేషన్లు తీసుకోవాలో అంకె వేయండి. మేం నగదు ఇవ్వడం, తీసుకోవడం దాదాపు మానేశాం. ఎలాగూ విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు (ఇన్నాళ్లూ 80జి అని పిలిచేది) కావాలనుకునే దాత 2,000 రూపాయలకు మించి నగదు ఇస్తే అది వర్తించదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల నుంచి డబ్బు తీసుకునేటప్పుడు చాలా చిన్న బృందాలు తెలియక ఇరుక్కుంటాయి, కాబట్టి కాస్త ఆగి చదవండి. అక్కడ ఉద్యోగం చేస్తున్నా భారత పౌరసత్వమే ఉన్న స్నేహితుడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే స్నేహితుడు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అతను పంపేది విదేశీ విరాళమే, దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉండాలి. మనూరి పిల్లాడే కదా అంటే చట్టం ఒప్పుకోదు. అనుమతి ఉన్న సంస్థ అయినా ఆ డబ్బును ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత దాన్ని ఇంకో సంస్థకు మళ్లించకూడదు, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. డబ్బు తీసుకునే ముందు పంపేవాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి రాసుకోవడం మీ ప్రమాణాల్లో ఒకటిగా పెట్టుకోండి, అడగడానికి మొహమాటపడకండి.

ఒక్కో కుటుంబానికి ఎంత ఖర్చయిందో, అందులో వస్తువు ఖరీదు ఎంత, మన తిరుగుళ్లకు ఎంత అన్నది వాడ సమావేశంలో చదివి వినిపించండి. మొదటిసారి మాకు చాలా టెన్షన్ అనిపించింది. చదివాక ఒక పెద్దాయన లేచి, రవాణాకు మేం కట్టింది ఎక్కువని, ఊళ్లో ఆటో ట్రాలీ అందులో సగానికే వస్తుందని చెప్పాడు. ఆ తర్వాత రవాణా బేరం ఆయనకే అప్పజెప్పాం.

మీ మీద ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి?

ఫిర్యాదుల పెట్టె కట్టి వదిలేస్తే అందులో దుమ్ము పడుతుంది. రాయడం రానివాళ్లు, రాస్తే చేతిరాత గుర్తుపడతారని భయపడేవాళ్లు పెట్టెలో ఏమీ వేయరు. ఇద్దరు మనుషుల ఫోను నంబర్లు కుటుంబానికి ఇచ్చే కార్డు మీదే అచ్చు వేయించండి: ఒకరు ఆ ఊరికి సంబంధం లేని మహిళ, ఇంకొకరు డబ్బు వ్యవహారం చూడని సభ్యుడు. ఫోను వచ్చిన మూడు రోజుల్లో తిరిగి చేయాలి, 15 రోజుల్లో ఏం చేశామో చెప్పాలి. "మీ ఫిర్యాదు నిలబడలేదు" అని చెప్పాల్సి వచ్చినా ఇంటికి వెళ్లి, ఎందుకో చెప్పి రావాలి.

సాయం పేరు చెప్పి డబ్బు, కోడి, పని, ఓటు, ఇంకేదైనా అడిగితే ఆ సభ్యుడు ఆ రోజుతో బయటికి, దీనికి రెండో అవకాశం లేదు. ఆడవాళ్లతో, పిల్లలతో తప్పుగా ప్రవర్తిస్తే లోపల సర్దుబాటు చేసుకోకూడదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టమే చెబుతోంది, చెప్పకపోవడం కూడా నేరమే. 1098 పిల్లలకు, 181 మహిళలకు, 112 అత్యవసరానికి. ఈ మూడు నంబర్లూ అదే కార్డు మీద ఉండాలి. ఒంటరి మహిళ ఇంటికి మా వాళ్లు ఎవరూ ఒంటరిగా, చీకటి పడ్డాక వెళ్లకూడదని కూడా రాసుకున్నాం. రాసేటప్పుడు మాలో ఒకతను నొచ్చుకున్నాడు, "నన్ను అనుమానిస్తున్నారా" అని. ఆ నియమం ఆమె ఊళ్లో మాట పడకుండా కూడా కాపాడుతుందని చెప్పాక ఒప్పుకున్నాడు.

ఫలితం కొలిచేది, తనిఖీ చేసేది

సాయం ఇచ్చే ముందే ఒక పేజీలో ఏడెనిమిది ప్రశ్నలకు జవాబులు రాసుకోండి, లేకపోతే తర్వాత ఏం మారిందో చెప్పలేరు. కిందటి వారం ఎన్ని పూటలు పస్తున్నారు, అప్పు మొత్తం ఎంత, వడ్డీ ఎంత, బడికి పోయే పిల్లలెందరు, ఇంట్లో ఆడమనిషి చేతిలో సొంతంగా ఖర్చుపెట్టే డబ్బు ఉందా, ఇలాంటివి. అవే ప్రశ్నలు ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు అడగండి. అదే వాడలో సాయం అందని కొన్ని ఇళ్లను కూడా అడిగితే మంచిది, మెదక్ పాఠం గుర్తుందిగా: వానలు బాగా పడ్డ ఏడాది అందరి పరిస్థితీ మెరుగుపడుతుంది, ఆ ఘనత మనం తీసుకోకూడదు. అడిగిన ప్రతిసారీ వాళ్ల కూలి సమయం పోతోందని గుర్తుంచుకుని పావుగంటలో ముగించండి.

తనిఖీకి మన రాష్ట్రాల్లోనే గొప్ప నమూనా ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనులను గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది, ఆంధ్రప్రదేశ్ దాన్ని గట్టిగా అమలు చేసి 2009లో అందుకోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది. రికార్డులు తీసుకోవడం, ఇంటింటికీ వెళ్లి "ఈ మస్టర్‌లో (హాజరు పట్టీలో) నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, నిజంగా చేశావా, డబ్బు అందిందా" అని అడగడం, తర్వాత గ్రామసభలో, మండల ప్రజావేదికలో అందరి ముందు చదవడం. మీరూ ఏడాదికి ఒకసారి ఇదే చేయించండి, మీ బృందంలో లేని నలుగురితో. పక్క ఊరి గ్రామ సమాఖ్య ఆడవాళ్లను అడిగితే వస్తారు, వాళ్ల ఆ రోజు కూలి, చార్జీలు మీరు కట్టాలి, భోజనం మాత్రం పెట్టి పంపించేస్తే కుదరదు. పుస్తకాలన్నీ వాళ్ల ముందు పెట్టి మీరు ఊళ్లో ఉండకండి, ఎదురుగా ఉంటే ఎవరూ నోరు విప్పరు. సాయంత్రం సమావేశానికి రండి, చెప్పింది వినండి, అక్కడికక్కడే సమర్థించుకోకండి.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు వెళ్లాలి

కొన్ని ప్రమాణాలు తప్పితే పని ఆపేయాలని ముందే రాసుకోండి. లిస్టు వాడలో చదవకుండా వస్తువు కొంటే ఆపాలి. ఇచ్చిన పశువుల్లో మూడో వంతు ఆరు నెలల్లో చచ్చిపోతేనో అమ్ముడైపోతేనో కొత్తవి కొనడం ఆపి, ఎందుకో తెలుసుకోవాలి. దాత "మార్చిలోగా ఖర్చు పెట్టేయండి" అని తొందర పెట్టినా ఇదే మాట. ఒకసారి మేం డబ్బు వెనక్కి పంపాం, ఆ దాత రెండేళ్లకు మళ్లీ ఇచ్చారు.

వెళ్లిపోయే తేదీని మొదటి సమావేశంలోనే చెప్పండి. రెండేళ్లయితే రెండేళ్లు. వెళ్లేటప్పుడు ఇన్సూరెన్సు కాగితం, బిల్లు, వారంటీ కార్డు, డాక్టరు నంబరు అన్నీ ఒక కవర్లో పెట్టి ఆ ఇంటావిడ చేతికివ్వండి, ఆమె పేరు మీదే ఉన్నాయో లేదో చూడండి, భర్త పేరు మీదో మీ సంఘం పేరు మీదో ఉంటే మార్పించాకే వెళ్లండి.

ఇక ఆ నాలుగు పేజీల అడుగున తేదీ వేసి, ఏడాదికోసారి ఏ నెలలో మళ్లీ చదువుతారో రాయండి. ఆ చదవడం కూడా వాడలోనే, వాళ్లలో ఒకరి చేతే గట్టిగా చదివించండి, ఆపి మార్చమంటే మార్చండి. మా కాగితంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు మారింది శిక్షణ గురించిన లైను. పోయినసారి దాన్ని మార్పించింది మొదట్లో మా దగ్గర మిషను తీసుకుని, ఇప్పటికీ నడుపుతున్న ముగ్గురిలో ఒకావిడ. "ఇన్ని రోజుల శిక్షణ" అన్న మాట కొట్టేయించి, "సొంతంగా ఐదు జాకెట్లు కుట్టి, వేసుకున్నవాళ్లు సరిపోయాయని చెప్పేదాకా" అని రాయించింది.